గండికోట నుంచి రాయచోటి దాకా ఒకే స్లోప్ సరిపోతుందా?

గండికోట ఉన్న జమ్మలమడుగు వైపు నల్లరేగడి ఎక్కువ. రాయచోటి వైపు ఎర్రనేలలు. రేగడి తడిని పట్టుకుంటుంది, ఎర్రనేల తొందరగా ఆరిపోతుంది. అందుకే ఒక పదును వాన అన్ని చేలల్లో దిగుబడిని ఒకేలా పెంచదు.

మనం ల్యాబ్‌లో రన్ చేసే మామూలు రిగ్రెషన్ మాత్రం అందరికీ కలిపి ఒకే స్లోప్ ఇస్తుంది. ప్రతి చేనుకీ దాని స్లోప్ ఉందనీ, అవన్నీ ఒక సగటు చుట్టూ యాదృచ్ఛికంగా మారుతున్నాయనీ అనుకుంటే అది రాండమ్ కోఎఫిషెంట్ మోడల్. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్. రావు 1965లో, పి.ఎ.వి.బి. స్వామి 1970లో దీని మీద రాశారు.

స్లోపులు నిజంగా మారుతున్నాయా, లేక అది డేటాలో గోలేనా? స్వామి టెస్ట్ ప్రకారం చేనుచేనుకీ విడిగా స్లోప్ కట్టాలి. వెయిటెడ్ సగటు నుంచి ఒక్కోటి ఎంత దూరంలో ఉందో దాని ఎర్రర్‌తో పోల్చి, అన్నీ కూడాలి. మొత్తం బాగా పెద్దదైతే తేడా నిజమే.

స్లోపుల వేరియన్స్ సున్నానా అని లైక్లీహుడ్ రేషియోతో కూడా అడగొచ్చు. అక్కడో మెలిక ఉంది. వేరియన్స్ సున్నా కిందికి పోదు, అంటే మనం గట్టు మీద నిలబడి టెస్ట్ చేస్తున్నాం. ఒక్క వేరియన్స్‌నే చూస్తున్నప్పుడు మామూలు కై-స్క్వేర్ ఇచ్చే పి-విలువను సగం చేయాలి. చేయకపోతే ఉన్న తేడా లేనట్టే కనిపించవచ్చు.

అలా తేడా లేదనుకుని ఒకే సగటుతో పంట నష్టం లెక్క కడితే, ఎర్రనేల రైతే మునుగుతాడు.