‘ఓ చుక్కేసుకుందుమేటి?’

విజయనగరం నుంచి సాలూరు వెళ్లే దారిలో గజపతినగరం. పొద్దు వాలాక బావను బావ పిలిచే పిలుపు వినాలి... ‘ఓ చుక్కేసుకుందుమేటి?’ అంటాడే తప్ప, ‘తాగుదాం రా’ అనడు. చుక్కంటే ఎంత? కంట్లో వేసేదీ చుక్కే! బ్రాందీ షాపులో మాత్రం అడగాల్సింది నైంటీ, క్వార్టరు, హాఫ్.

దానికి ‘మందు’ అని పేరు పెట్టడంలోనే ఉంది గడుసుతనమంతా. మొహమాటస్తులు గొంతు తడుపుకుంటారు, భక్తులు తీర్థం పుచ్చుకుంటారు. ఈ ముసుగు మన జిల్లాకి కొత్తేం కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1909 కూర్పులో సారా దుకాణం రంగం ఉంది. అందులో బైరాగి వేదాంతం చెబుతూనే తాగుతాడు.

ఇంగ్లిషువాళ్లూ తక్కువేం తినలేదు. మనం గొంతు తడిపితే వాళ్లు ‘విజిల్’ తడుపుతారు. వాసన చూసినంత పుచ్చుకుంటే ‘స్నిఫ్టర్’. స్కాట్లండులో అయితే ‘వీ డ్రామ్’, అంటే బుల్లి డ్రామ్. పాత మందుల కొట్లలో డ్రామంటే మూడున్నర మిల్లీలీటర్లు... టీ చెంచాడు కూడా కాదు. గ్లాసులోకి వచ్చేసరికి అది ఎన్ని రెట్లయిందో చెప్పక్కర్లేదు. బ్రిటిష్ నౌకాదళం మాత్రం నిక్కచ్చిగా కొలిచింది. నావికుడికి రోజూ ఇచ్చే రమ్ము ‘టాట్’ 71 మిల్లీలీటర్లు. 1970 జులై 31న దానికీ మంగళం పాడేశారు.

మనకు దక్కింది ‘పెగ్గు’. వాటాలు తెలిసేలా లోపల మేకులు కొట్టిన పాతకాలపు మగ్గుల నుంచి ఆ పేరు వచ్చిందంటారు. ఇండియాలోని దొరలు చెప్పుకొన్న అర్థం వేరు... తాగే ప్రతి పెగ్గూ శవపేటికకు కొట్టే ఓ మేకు! 1886లో వచ్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో ఈ చమత్కారం ఉంది. అంత నిజం చెప్పే మాట తాగేవాళ్ల నిఘంటువులో మరొకటి లేదేమో.

లెక్క చూద్దాం. చిన్న పెగ్గు 30 మిల్లీలీటర్లు. మామూలు విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాలు 42.8 శాతం. అంటే పెగ్గుకు పది గ్రాములు. క్వార్టరు 180 మిల్లీలీటర్లు, ఆరు పెగ్గులు, అరవై గ్రాములు. ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది.

ఇంట్లో ఆడవాళ్లది ఇంకో లెక్క. ‘కాసింతే తాగినాను’ అంటే ‘జేబులో డబ్బులేవి?’ అన్నదే వాళ్ల ప్రశ్న. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్లిన మహిళలు అదే ప్రశ్నతో సారా దుకాణం మూయించారు. మరుసటేడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం మాత్రం రెండేళ్లకే సడలింది.

2024 అక్టోబరులో కొత్త మద్యం విధానంతో పాటు 99 రూపాయల క్వార్టరు వచ్చింది. రోజుకొకటి చొప్పున నెలకు 2,970 రూపాయలు... 180 పెగ్గులు.