డెల్టాకు గనులు లేవు, తుక్కు ఉంది

ఇనుప ఖనిజం తవ్వుకునే చోటు గోదావరి డెల్టాలో ఒక్కటీ లేదు. నది వేల ఏళ్లుగా మోసుకొచ్చి పరిచిన ఒండ్రు ఇది. వరికీ కొబ్బరికీ పనికొస్తుంది కానీ కొలిమికి పనికిరాదు. అయినా నరసాపురం చుట్టుపక్కల ఇనుము కనిపించని చోటు ఉండదు. బోట్ల ఇంజన్లు, రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు, వరికోత యంత్రాలు, రైసుమిల్లుల షాఫ్టులు, స్లాబుల్లో చువ్వలు, ఇంటింటా ఫ్యాన్లు. ఇదంతా ఎక్కడో కొండల్ని తవ్వి, కరిగించి, ఇక్కడికి తెచ్చుకున్న లోహం. పాడయ్యాక అందులో చాలా భాగం పాత సామాన్ల కొట్టుకు చేరుతుంది. లోహం విషయంలో డెల్టాకున్న గని ఆ కొట్టే.

ఇనుముతో నరసాపురానికి పరిచయం పాతది. 17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ ఇనుప కార్ఖానా నడిపారు. ఆంగ్లేయులు పక్కనే మాధవాయిపాలెంలో స్థావరం పెట్టుకున్నారు. ఆ రోజుల్లో బంగాళాఖాతం తీరమంతా తిరిగిన థామస్ బౌరీ అనే నావికుడు నరసాపురం ఓడల గురించి రాస్తూ, ఇక్కడి కలపనూ ఇనుమునూ మెచ్చుకున్నాడు. మేకులు, బోల్టులు, లంగర్లు చేయడంలో స్థానిక కమ్మరుల నేర్పును ప్రత్యేకంగా చెప్పాడు. ఖనిజం లేని నేలమీద ఇనుప పనికి పేరొచ్చిందంటే అది పనివాళ్ల గొప్పతనమే. విరిగిన కొడవలినీ అరిగిన నాగటి కర్రునూ మళ్లీ కొలిమిలో పెట్టి సాగగొట్టడం కమ్మరికి ఎప్పుడూ ఉన్న పనే.

శ్రమంతా ఆక్సిజన్‌ను విడదీయడానికే

తుక్కును కరిగించడం పర్యావరణానికి ఎందుకు మేలు? ఖనిజంలో ఇనుము ఒంటరిగా ఉండదు, ఆక్సిజన్‌తో గట్టిగా ముడిపడి ఉంటుంది. బ్లాస్ట్ ఫర్నేసులో బొగ్గు నుంచి తీసిన కోక్ మండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాక్కుని కార్బన్ డయాక్సైడ్‌గా మారి గాలిలో కలుస్తుంది. అంటే ఉక్కు పరిశ్రమ వదిలే ఆ వాయువు ఇంధనం పొగ మాత్రమే కాదు. ఇనుమును ఖనిజం నుంచి విడిపించే రసాయన చర్యలోనే అది పుడుతుంది.

తుక్కులోని ఇనుముకు ఆ పని ఎప్పుడో జరిగిపోయింది. ఇక మిగిలింది కరిగించడమే. ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. చిన్న ఉక్కు కర్మాగారాల్లో ఇందుకు ఇండక్షన్ ఫర్నేసులు వాడతారు. రాగి చుట్టలో ఏకాంతర విద్యుత్తు పారితే, లోపలున్న తుక్కులో సుడి ప్రవాహాలు పుట్టి ఆ లోహం తనంతట తానే వేడెక్కి కరుగుతుంది. ఇందులో కోక్ అవసరం లేదు.

కేంద్ర ప్రభుత్వం 2019లో ప్రకటించిన ఉక్కు తుక్కు విధానం లెక్క ప్రకారం, ఒక టన్ను తుక్కు వాడితే 1.1 టన్నుల ఇనుప ఖనిజం, 630 కిలోల కోకింగ్ బొగ్గు, 55 కిలోల సున్నపురాయి ఆదా అవుతాయి. నీటి వాడకం 40 శాతం, గ్రీన్‌హౌస్ వాయువులు 58 శాతం తగ్గుతాయి. విశాఖ ఉక్కు కర్మాగారానికి ఖనిజం ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా కొండల నుంచి రైల్లో వస్తుంది. కోకింగ్ బొగ్గు ఎక్కువగా విదేశాల నుంచి ఓడల్లో దిగుతుంది. మనూళ్లో తుక్కుకు వేసిన ప్రతి టన్నూ అంత దూరాన అంత తవ్వకాన్ని తగ్గిస్తుంది.

సత్తు గిన్నెలో దాగిన కరెంటు

అల్యూమినియంలో ఆదా ఇంకా ఎక్కువ. దాన్ని ఆక్సిజన్ నుంచి విడదీయడానికి బొగ్గు చాలదు, విద్యుత్తే కావాలి. 1886లో హాల్, హెరౌల్ట్ విడివిడిగా కనిపెట్టిన పద్ధతినే ఇప్పటికీ వాడుతున్నారు. టన్ను లోహానికి సుమారు నాలుగు టన్నుల బాక్సైట్ తవ్వాలి. దాన్ని శుద్ధి చేసేటప్పుడు ఘాటైన క్షారంతో నిండిన ఎర్ర బురద మిగులుతుంది. ఆపైన కిలో లోహానికి 13 నుంచి 15 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. పాత సత్తు గిన్నెను కరిగించడానికి 660 డిగ్రీల వేడి చాలు. దాంతో దాదాపు 95 శాతం శక్తి మిగులుతుంది. బాక్సైట్ నిక్షేపాలున్న మన మన్యం కొండల్లో గిరిజనులు తమ అడవినీ ఊటలనూ కాపాడుకోవడానికి ఏళ్లుగా తవ్వకాలను వ్యతిరేకిస్తున్నారు. సొట్టపోయిన గిన్నెను పారేయకపోవడం వాళ్ల కొండకు మనం చేయగల సాయం.

ఉప్పుగాలితో పోటీ

నరసాపురానికి సముద్రం దగ్గర. ఉప్పు గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది. ఆ తడి పొరలో క్లోరైడ్ అయాన్లు విద్యుత్ రసాయన చర్యను వేగిరపరుస్తాయి. ఉప్పునీటి చెరువుల దగ్గర ఇనుప సామాను త్వరగా పొరలుపొరలుగా రాలిపోవడానికి కారణం ఇదే. ఇనుము మళ్లీ ఆక్సిజన్‌తో కలిసి ఖనిజం లాంటి స్థితికి తిరిగి వెళ్లడమే తుప్పు. దాన్ని విడదీయడానికి ఒకప్పుడు కాల్చిన బొగ్గంతా వృథా అయినట్టే. ఇండక్షన్ ఫర్నేసుకు తుప్పును తిరిగి ఇనుముగా మార్చే శక్తి పెద్దగా లేదు. అది చాలావరకు చిట్టెంగా తేలిపోతుంది. అందుకే పాడైన ఏరేటర్ చట్రాన్ని చెరువు గట్టున ఏళ్ల తరబడి వదిలేయకూడదు. వానాకాలం రాకముందే కాటాకెక్కిస్తే రైతుకు బరువు దక్కుతుంది, దేశానికి లోహం దక్కుతుంది.

వేరు చేయడమే అసలు నైపుణ్యం

కొట్టులో పనివాడు అయస్కాంతం ఆనించి, రంగు చూసి, మోత విని పోత ఇనుము, ఉక్కు, ఇత్తడి, రాగి, సత్తు వేరు చేస్తాడు. ఈ పని వెనుక గట్టి శాస్త్రం ఉంది. కరిగిన ఉక్కులో అల్యూమినియం, సిలికాన్ ఉంటే అవి ఆక్సిజన్‌తో కలిసి చిట్టెంలోకి పోతాయి. రాగి అలా పోదు. ఆక్సిజన్‌తో కలవడానికి ఇనుముకున్నంత తొందర దానికి లేదు. మోటారు చుట్ట తీయకుండా తుక్కులో వేస్తే ఆ రాగి ఉక్కులోనే ఉండిపోయి, వేడిగా సాగదీసేటప్పుడు పైపొరను చీలుస్తుంది. కూర్చుని మోటార్లు విప్పే మనిషి ఓపికే రేపటి చువ్వ నాణ్యత.

ఆ మనిషి ఆరోగ్యానికి మాత్రం రక్షణ లేదు. రాగి కోసం వైర్లు తగలబెడితే, వాటి పీవీసీ తొడుగు నుంచి హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు వెలువడతాయి. పాత బ్యాటరీ పగలగొడితే ఆమ్లం నేలలోకి, సీసం రక్తంలోకి చేరుతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. వైరు తొడుగును కోసి తీసే చిన్న యంత్రాలున్నాయి. పాత బ్యాటరీలను తిరిగి తీసుకునే బాధ్యతను 2022 నిబంధనలు తయారీదారుల మీద పెట్టాయి. ఆ యంత్రాలూ ఆ నిబంధనలూ ఊరి కొట్టు దాకా అందాలి.

తుక్కు ఒక్కటే దేశ అవసరాన్ని తీర్చలేదు. రాజమహేంద్రవరంలో 1900 నాటి హేవ్‌లాక్ వంతెన 1997 దాకా రైళ్లను మోసింది. ఉక్కు అంతకాలం పనిలోనే ఉంటుంది కనుక నేటి అవసరానికి నిన్నటి తుక్కు సరిపోదు. ఇప్పటికీ మనం ఏటా లక్షల టన్నుల తుక్కును విదేశాల నుంచి తెచ్చుకుంటున్నాం. అలాంటప్పుడు చేతికందే తుక్కును తుప్పుకు వదిలేయడం ఇంకా పెద్ద తప్పు అవుతుంది.

పంచాయతీలూ పురపాలక సంఘాలూ చెత్త సేకరణలో పాత సామాన్లు కొనేవారికి చోటివ్వాలి. గుర్తింపు కార్డు, చేతి తొడుగులు, వైద్య పరీక్షలు, వైర్లు కోసే యంత్రం, బ్యాటరీలు అప్పగించే ఒక చోటు: ఇంతకు మించి పెద్ద ఖర్చేమీ లేదు. ఇంట్లో మనం చేయాల్సింది కూడా తేలికే. లోహాన్ని తడి చెత్తలో కలపకూడదు, బ్యాటరీని విడిగా ఇవ్వాలి, వైరును కాల్చకూడదు. తోపుడు బండితో మన వీధికి వచ్చే మనిషి ఒక కొండ తవ్వకాన్నీ, ఓ బండెడు బొగ్గునూ కొంతైనా ఆపుతున్నాడు. ఆయన పనిని పర్యావరణ సేవగా లెక్కకట్టి, ఆ గౌరవం, ఆ భద్రత ఇవ్వడం మన బాధ్యత.