ఇల్లు ఖాళీ చేయము: గ్లాస్గో గృహిణుల అద్దె సమ్మె

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అన్నారు పెద్దలు. ఇల్లు కట్టదలచినవానికి ఆ హెచ్చరిక చాలు. కట్టే స్తోమతు లేక, నెలనెలా అద్దె చెల్లిస్తూ పరుల కప్పు క్రింద కాపురముండేవాని కష్టాన్ని గురించి ఆ సామెత ఏమీ చెప్పదు. పల్లెనుండి పట్నానికి బదిలీ అయిన ఉపాధ్యాయుడు, చదువుకోసం గది వెదకుకొనే విద్యార్థి, మిల్లులో పనికి కుదిరిన కార్మికుడు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఉండడానికి చోటెక్కడ? చోటు దొరికిన మరునాటినుండి రెండవ ప్రశ్న పీడించడం మొదలుపెడుతుంది: ఇక్కడ ఎన్నాళ్లు ఉండనిస్తారు?

ఈ రెండవ ప్రశ్నకు జవాబుగా పుట్టినవే అద్దె నియంత్రణ చట్టాలు. అద్దెను కేవలం యజమాని ఇష్టానికి వదలివేయరాదనీ, తగిన కారణం చూపకుండా ఒక సంసారాన్ని వీధిన వేయరాదనీ అనేక దేశాలలో శాసనకర్తలు అంగీకరించారు. బ్రిటనులో ఈ సూత్రం 1915లో శాసనరూపం దాల్చింది. దానిని సాధించిన కీర్తిలో పెద్ద పాలు గ్లాస్గో నగరపు గృహిణులది. పార్లమెంటు ఎన్నికలలో వోటుహక్కు సైతం వారికి అప్పటికి లేదు. అట్టివారు ఒక ప్రభుత్వం చేత చట్టం ఎట్లు చేయించగలిగారో తెలుసుకొనదగిన విషయం.

రాతి మేడలు, ఇరుకు వాటాలు

గ్లాస్గో స్కాట్లండులో క్లైడ్ నది ఒడ్డున ఉన్న మహానగరం. పందొమ్మిదవ శతాబ్దంలో అక్కడ నౌకానిర్మాణం విశేషంగా పెంపొందింది. స్కాట్లండు కొండసీమలనుండి, ఐర్లండునుండి పనికోసం జనం తండోపతండాలుగా వచ్చారు. వారికోసం ప్రైవేటు యజమానులు మూడు నాలుగు అంతస్తుల రాతి మేడలు కట్టించి, వాటాలుగా పంచి అద్దెకిచ్చారు. ఒక వీధిద్వారం, ఒక మెట్లదారి, ఒక్కొక్క అంతస్తులో కొన్ని కాపురాలు: ఇదీ ఆ మేడల తీరు. మరుగుదొడ్డి మెట్ల మలుపులో ఉండేది. అనేక కుటుంబాలకు అదొక్కటే. వెనుక పెరడు, బట్టలుతికే కొట్టు అందరికీ ఉమ్మడి. వంట, నిద్ర, పురుడు, చావు అన్నీ ఒక గదిలోనో రెండు గదులలోనో జరిగిపోయేవి. 1911 జనాభా లెక్కల ప్రకారం స్కాట్లండు ప్రజలలో ఇంచుమించు సగంమంది ఒకటి రెండు గదుల ఇండ్లలోనే నివసించారు. గ్లాస్గోలో ఈ పాలు సగానికి మించింది.

ఈ అద్దెలను యజమానులు స్వయంగా వసూలు చేసేవారు కారు. వారి తరఫున ‘ఫాక్టర్లు’ అనే ఏజెంట్లు ఉండేవారు. వాటా ఇవ్వడం, అద్దె పెంచడం, బాకీదారుపై దావా వేయడం వారి పనులు. కోర్టు ఉత్తర్వు పుట్టగానే అమీనాలు వచ్చి సామాను బయట పెట్టించేవారు.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. నౌకలకు, ఆయుధాలకు గిరాకీ హెచ్చి, వేలాది కార్మికులు క్లైడ్ తీరానికి చేరుకున్నారు. కొత్త ఇండ్ల నిర్మాణం యుద్ధానికి పూర్వమే మందగించింది. యుద్ధంతో దాదాపు ఆగిపోయింది. ఉన్న ఇండ్లు అవే, అడిగేవారు అనేకులు. ఏజెంట్లు అద్దెలు పెంచారు; ఇవ్వలేనివారిని ఖాళీ చేయమన్నారు. తాకట్టు అప్పులపై వడ్డీ పెరిగిందని యజమానులు చెప్పిన మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని భర్త యుద్ధరంగంలో ఉండగా, సైన్యంనుండి వచ్చే భత్యంతో పిల్లలను సాకే ఇల్లాలు ఆ వడ్డీ భారాన్ని ఎట్లు మోయగలదు?

గంట మ్రోగితే చాలు

గోవన్ అనే పేట నౌకల కర్మాగారాలకు ఆలవాలం. అక్కడి ఉద్యమానికి నాయకురాలు మేరీ బార్బోర్. ఆమె 1875లో కిల్బార్కన్ అనే ఊరిలో తివాచీ నేతగాని ఇంట జన్మించింది. తానూ తివాచీ పరిశ్రమలో పనిచేసింది. 1896లో వివాహమైన పిమ్మట కొంతకాలానికి గోవన్‌లో స్థిరపడింది. గ్లాస్గో మహిళా గృహవసతి సంఘం 1914లో ఏర్పడింది. మేరీ లేర్డ్ దానికి అధ్యక్షురాలు. హెలెన్ క్రాఫర్డ్ కార్యదర్శి. ఈ సంఘంలోని స్త్రీలు ఇంటింటికీ తిరిగి, పెరళ్లలో, వీధి మూలలలో సభలు జరిపి, తోటి గృహిణులను కూడగట్టారు.

వారు ఎంచుకున్న మార్గం సులభంగా అర్థమయ్యేది. పాత అద్దె చెల్లించడానికి వారు సిద్ధమే. పెంచిన మొత్తం మాత్రం ఇవ్వరు. ఇల్లు ఖాళీ చేయరు. ఈ నిర్ణయాన్ని తెలిపే అట్టలను ప్రతి కిటికీలో అంటించారు. మెట్లదారిలో ఒక స్త్రీ చేతిగంటతో కాపలా కూర్చునేది. అమీనా వీధిలో కనబడగానే గంట మ్రోగేది. వంట చేస్తున్నవారు పిండి చేతులతోను, బట్టలుతుకుతున్నవారు తడి గుడ్డలతోను పరుగెత్తుకొని వచ్చి ఆ ఇరుకు మెట్లను నింపివేసేవారు. పిండి పొట్లాలు, తడి బట్టలు అమీనా మీద వర్షించేవి. వచ్చినవాడు వచ్చినదారినే పోవలసివచ్చేది.

ఒక సంఘటన వారి ఐకమత్యానికి ఉదాహరణంగా చెప్పుతారు. ఇరుగుపొరుగువారందరూ చెల్లించారని ఒక ఏజెంటు అబద్ధమాడి, కొందరు స్త్రీలచేత పెంచిన అద్దె కట్టించుకున్నాడు. ఈ సంగతి తెలిసి మేరీ బార్బోర్ నౌకల కర్మాగారపు కార్మికులను వెంటబెట్టుకొని అతని కార్యాలయానికి వెళ్లింది. ఏజెంటు ఆ సొమ్ము తిరిగి ఇచ్చివేయక తప్పలేదు. ఆనాటి కార్మిక నాయకుడు విలియం గాలకర్ తన జ్ఞాపకాలలో ఈ ఉదంతాన్ని పేర్కొన్నాడు.

ఆ అబద్ధంలోనే ఏజెంటు బలమంతా ఉన్నది. అద్దెకున్నవాడు తన గుమ్మంలో ఒంటరిగా నిలబడినంతకాలం బలహీనుడు. ప్రక్కవాటావారు ఏమి చేస్తున్నారో అతనికి తెలియదు; తాను పోతే మరొకరు ఆ వాటాలోకి వస్తారని మాత్రం తెలుసు. గ్లాస్గో స్త్రీలు మొదట తీసివేసినది ఈ ఒంటరితనాన్ని. ఏ ఇరుకు మేడ వారికి అంతకాలం శిక్షగా ఉన్నదో, ఆ మేడలోని ఉమ్మడి మెట్లదారే వారికి కోటగోడ అయింది.

1915 జూనులో షెటిల్‌స్టన్ అనే పేటలో ఒక సైనికుని కుటుంబాన్ని వెళ్లగొట్ట జూచినపుడు ఇరుగుపొరుగువారు అడ్డుపడ్డారు. జాన్ వీట్లీ అనే నగరసభ సభ్యుడు వారికి అండగా నిలిచాడు. గోవన్‌నుండి పార్టిక్‌కు, అక్కడనుండి ఇతర పేటలకు సమ్మె ప్రాకింది. నవంబరు నాటికి ఇంచుమించు 20,000 కుటుంబాలు అందులో చేరాయి.

న్యాయస్థానం ముంగిట

ఏజెంట్లు మరొక ఉపాయం పన్నారు. వెళ్లగొట్టడం సాధ్యం కానప్పుడు, పెంచిన అద్దెను బాకీగా చూపి దావా వేస్తే, కోర్టు ద్వారా దానిని కార్మికుని జీతంనుండే రాబట్టవచ్చునని వారి ఆలోచన. 1915 నవంబరు 17వ తేదీన గ్లాస్గోలోని చిన్న బాకీల కోర్టులో 18 మందిపై ఇట్టి దావాలు విచారణకు వచ్చాయి. ఆనాడు స్త్రీలు ఊరేగింపుగా కోర్టుకు బయలుదేరారు. నౌకల కర్మాగారాల కార్మికులు పనిముట్లు క్రింద పెట్టి వారితో కలిశారు. వేలాది జనం కోర్టు చుట్టూ వీధులలో నిలిచారు. యుద్ధకాలంలో నౌకల పని ఆగితే ఏమవుతుందో అధికారులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ దావాలు ముందుకు సాగలేదు.

తరువాతి ఘట్టం లండనులో జరిగింది. నవంబరు నెలాఖరుకు ముందే అద్దె నియంత్రణ బిల్లు పార్లమెంటులో ప్రవేశపెట్టబడింది. డిసెంబరులో అది చట్టమైంది. చిన్న ఇండ్ల అద్దెలు 1914 ఆగస్టు నాటి స్థాయిని మించరాదని అది శాసించింది. అద్దె చెల్లిస్తూ ఒప్పందానికి కట్టుబడి ఉన్నవారిని ఖాళీ చేయించడం కష్టతరం చేసింది. అంతేకాక, తాకట్టు అప్పులపై వడ్డీ పెంచరాదని కూడా ఆంక్ష పెట్టింది. అద్దె పెంచడానికి యజమాని చూపిన కారణాన్నే చట్టం ఆ విధంగా తొలగించింది. యుద్ధం ముగిసిన ఆరు నెలలవరకే అమలులో ఉండవలసిన ఈ నియంత్రణ ఏదో ఒక రూపంలో బ్రిటనులో 1980ల చివరివరకు కొనసాగింది.

చట్టం ఆగినచోట

అద్దె నిలిచింది, కాని ఇరుకు తగ్గలేదు. చట్టం ఉన్న ఇంటిని కాపాడగలదు, లేని ఇంటిని కట్టలేదు. పాత వాటాలో ఉన్నవానికి రక్షణ దొరికినా, కొత్తగా కాపురం పెట్టే దంపతులకు చోటు ఎక్కడిది? స్కాట్లండులోని గృహపరిస్థితులను పరిశీలించిన రాయల్ కమిషన్ 1917లో నివేదిక సమర్పిస్తూ, పేదల ఇండ్ల బాధ్యతను ప్రభుత్వం స్వీకరించక తప్పదని తేల్చింది. 1919లో నగరసభలు ప్రభుత్వ సహాయంతో ఇండ్లు కట్టి అద్దెకివ్వడానికి చట్టం చేయబడింది.

షెటిల్‌స్టన్‌లో సైనికుని ఇంటి ముందు నిలిచిన జాన్ వీట్లీ 1924లో తొలి లేబరు ప్రభుత్వంలో మంత్రి అయ్యాడు. అతని బాల్యం గనికార్మికుల ఒంటిగది ఇంట గడిచింది. అతడు చేయించిన గృహనిర్మాణ చట్టం, నగరసభలు కట్టే ఒక్కొక్క ఇంటికి ఏటా 9 పౌన్ల చొప్పున 40 సంవత్సరాలపాటు సహాయం ఏర్పాటు చేసింది. దాని క్రింద సుమారు 5 లక్షల ఇండ్లు లేచాయి. మేరీ బార్బోర్ 1920లో గ్లాస్గో నగరసభకు ఎన్నికైంది. గోవన్ ప్రజల ప్రతినిధిగా ఉతుకుడు శాలలు, స్నానశాలలు, తల్లీబిడ్డల వైద్యకేంద్రాలకోసం పాటుపడింది. 1958లో ఆమె మరణించింది. గోవన్‌లో ఆమె నాయకత్వాన ఊరేగింపు నడిచే దృశ్యాన్ని చూపే కంచు విగ్రహాలు 2018 మార్చి 8న ఆవిష్కరించబడ్డాయి.

మన దేశంలో

బ్రిటిషు పాలనలో ఉన్న మన దేశానికి ఈ ఆలోచన ఆలస్యం లేకుండానే చేరింది. 1918లో బొంబాయిలో, 1920లో కలకత్తాలో అద్దె చట్టాలు వచ్చాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మద్రాసు రాష్ట్రంలో నియంత్రణ ఏర్పడి, 1946లోను, మరల 1949లోను చట్టరూపం పొందింది. తెలంగాణంలో 1954 నాటి హైదరాబాదు చట్టం ఉండేది. ఈ రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల అద్దె నియంత్రణ చట్టం వెలసింది.

అద్దెదారును వెళ్లగొట్టడానికి యజమాని పన్నే ఉపాయాలను ఆ చట్టం బాగా ఎరుగును. యజమాని అద్దె తీసుకొనడానికి నిరాకరించి, పిమ్మట “అద్దె ఎగవేశాడు” అని దావా వేయడం అందులో ప్రసిద్ధమైనది. దానికి చట్టం చూపిన విరుగుడు ఇది: ఏ బ్యాంకులో చెల్లించాలో తెలుపుమని అద్దెదారు నోటీసు ఇయ్యాలి, జవాబు రానియెడల మనియార్డరు పంపాలి, అదీ తిరిగివస్తే అద్దె నియంత్రణాధికారి వద్ద జమకట్టాలి. నీరు, దీపం వంటి సౌకర్యాలను కారణం లేకుండా ఆపివేయడాన్ని కూడా చట్టం నిషేధించింది.

అయితే చట్టం ఆగినచోట ఇండ్ల నిర్మాణం అందుకోకపోతే ఏమవుతుందో బొంబాయి చెప్పుతుంది. అక్కడ 1947 నాటి చట్టం పాత ఇండ్ల అద్దెలను 1940 సెప్టెంబరు నాటి స్థాయికి కట్టివేసింది. దశాబ్దాలు గడిచినా ఆ కట్టు విడలేదు. అద్దె మరమ్మతుకు సైతం చాలక మేడలు శిథిలమయ్యాయి. కొత్తవారికి అద్దె ఇల్లు దుర్లభమైంది. ఆ నిబంధనలు కాలక్రమాన అసమంజసములైనవని 1997 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తరువాతి మహారాష్ట్ర చట్టం అద్దెను ఏటా నూటికి నాలుగు చొప్పున పెంచుకొనడానికి అవకాశమిచ్చింది. మరొకవైపు, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టానికి 2005లో జరిగిన సవరణ, కార్పొరేషను నగరాలలో నెలకు 3,500 రూపాయలు, ఇతర ప్రాంతాలలో 2,000 రూపాయలు మించిన అద్దె ఇండ్లను చట్టపు రక్షణనుండి తప్పించింది. ఒకచోట కట్టు మరీ బిగిసింది. మరొకచోట కట్టే లేకుండా పోయింది. 2021 జూనులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా చట్టం, నివాసపు ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించరాదనీ, ఒప్పందం వ్రాతపూర్వకంగా ఉండాలనీ సూచించింది. దానిని స్వీకరించడం రాష్ట్రాల ఇష్టానికి విడువబడింది.

గ్లాస్గో చరిత్రలో పాఠశాలలో చెప్పదగిన పాఠం రెండు భాగాలుగా ఉన్నది. మెట్లమీద కూర్చున్న స్త్రీలు ఉన్న ఇంటిని నిలుపుకున్నారు. అది మొదటి భాగం. వారిలో కొందరు నగరసభకు వెళ్లి లేని ఇండ్లకోసం అడిగారు. అది రెండవ భాగం. మొదటిది లేకపోతే నేటి కాపురానికి రక్షణ లేదు. రెండవది లేకపోతే రేపటి కాపురానికి చోటు లేదు. అద్దె కట్టినప్పుడు రసీదు అడగడం, ఒప్పందం కాగితం మీద పెట్టించుకోవడం, ప్రక్కవాటావారి కష్టం తెలుసుకొని ఉండడం ఏ పట్టణంలోనైనా చేయగలిగిన పనులు. పేదవాడు భరించగల అద్దెకు ఇండ్లు ఎన్ని కట్టించారని వోటు అడగవచ్చినవారిని ప్రశ్నించడం మరొక పని. గ్లాస్గో గృహిణులకు ఆనాడు లేని ఆ వోటు నేడు మన దేశంలో ప్రతి ఇల్లాలి చేతిలోను ఉన్నది.