హాలీ సిక్కా

హాలీ సిక్కా లేదా ఉస్మానియా సిక్కా అనునది నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యపు ద్రవ్యం. "హాలీ" అనగా ప్రస్తుతం చలామణిలో ఉన్నది అని అర్థం. నేటి జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల ప్రాంతం ఆ రాజ్యంలో భాగం కావడం వలన, ఇక్కడి ప్రజలు బ్రిటిషు ఇండియా రూపాయిని గాక ఈ రూపాయినే వాడేవారు. సొంత ద్రవ్యం, దానిని నియంత్రించే అధికారం హైదరాబాదు స్వయంప్రతిపత్తికి ముఖ్య చిహ్నాలుగా ఉండేవి.

రెండు రూపాయలు

హాలీ రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. రూపాయి నాణెంపై చార్మినార్ బొమ్మ ఉండేది. బ్రిటిషు రూపాయిని ఇక్కడ "కల్దార్" అనేవారు. సాధారణంగా 6 కల్దార్ రూపాయలు 7 హాలీ రూపాయలకు సమానం. అనగా 100 కల్దార్ రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ వచ్చేది. జనగామ, మహబూబాబాదు స్టేషన్ల మీదుగా బెజవాడ వెళ్ళే రైలు మార్గం 1889లో పూర్తయినది. బెజవాడ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండుటచే అక్కడ కల్దార్ చెల్లేది. కావున సరిహద్దు దాటి సరుకు అమ్మే వర్తకులు ఈ మారకపు లెక్క తెలిసి ఉండవలసి వచ్చేది.

కాగితపు నోట్లు

బ్రిటిషు ఇండియాలో 1861 చట్టంతో నోట్ల జారీ ప్రభుత్వ గుత్తాధికారమైనది. సంస్థానాలు నోట్లు ముద్రించడాన్ని బ్రిటిషువారు అంగీకరించేవారు కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వెండి కొరత ఏర్పడుట, యుద్ధానికి నిజాం సాయమందించుట వలన వారు మెత్తబడిరి. 1918లో హైదరాబాదు కరెన్సీ చట్టం క్రింద 10, 100 రూపాయల నోట్లు వెలువడినవి. 1919లో 1, 5 రూపాయల నోట్లు, 1926లో 1000 రూపాయల నోట్లు వచ్చినవి. నోట్లపై ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ భాషలలో విలువ వ్రాయబడేది.

నోటు అనగా అడిగినప్పుడు నాణెం ఇస్తామనే వాగ్దానం. ఆ వాగ్దానం నిలుపుటకు ప్రభుత్వం వెండి నాణేలను, ప్రభుత్వ రుణపత్రాలను నిధిగా ఉంచేది.

మొదట్లో నోట్లు లండనులోని వాటర్లో అండ్ సన్స్ సంస్థలో ముద్రించబడేవి. అట్టి నోట్లను తెస్తున్న "ఈజిప్ట్" అను ఓడ 1922 మే 20న ఫ్రాన్సు తీరాన మునిగిపోయినది. సుమారు పదేళ్ళ తరువాత సముద్ర గర్భం నుండి బంగారంతో పాటు సంతకాలు లేని ఆ నోట్లు కొన్ని వెలికి వచ్చినవి. నాసిక్‌లో ముద్రణాలయం ఏర్పడిన తరువాత ముద్రణ అక్కడికి మారినది.

బ్యాంకుల నియంత్రణ

నోట్లు వచ్చిన రెండు దశాబ్దాలకు పైగా వాటిని నిర్వహించే ప్రత్యేక బ్యాంకు రాజ్యంలో లేదు. గ్రామాలలో అప్పులకు షావుకార్లే దిక్కు. 1941 చట్టం ద్వారా ఏర్పడిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు 1942 ఏప్రిల్ 5న పని ప్రారంభించినది. ఉస్మానియా సిక్కా నిర్వహణ దాని బాధ్యతలలో ఒకటి. బ్రిటిషు ఇండియాలో ఇట్టి బాధ్యతను 1935 నుండి రిజర్వు బ్యాంకు వహిస్తున్నది.

వివాదం, విలీనం

1947 చివరలో నిజాం ప్రభుత్వం తన రాజ్యంలో భారత ద్రవ్యం చట్టబద్ధంగా చెల్లదని ఆర్డినెన్సు జారీ చేసినది. ఇది యథాతథ ఒప్పందానికి విరుద్ధమని భారత ప్రభుత్వం ఆక్షేపించినది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాదు భారత ప్రభుత్వ అధీనంలోకి వచ్చినది.

1950లో 7 హాలీకి 6 భారత రూపాయల చొప్పున భారత ద్రవ్యం ప్రవేశించినది. 1951లో హాలీ జారీ నిలిచినది. అయితే చేతులలోని సొమ్ము ఒక్కసారిగా రద్దు కాలేదు, 1959 వరకు చలామణిలో ఉన్నది. హైదరాబాదు స్టేట్ బ్యాంకు 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదుగా మారి, 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైనది.