జఠరములోని దూత

భోజనమైన రెండు మూడు గంటలకు బొడ్డునకు పైభాగమున మంట పుట్టి, మరల పిడికెడన్నము తిన్నంతనే శమించు నొప్పిని మీలో పలువు రెఱిగియే యుందురు. మన వైద్యగ్రంథములు చెప్పు పరిణామశూల దీనికి దగ్గఱిది. చిన్నప్రేగు మొదటిభాగమున వ్రణమేర్పడుట దీనికి తఱచగు కారణమని నేటి వైద్యులందురు. మిరపకారమును నిందించుట మన యిండ్లలో వాడుక. ఆ నింద చాలవఱకు అన్యాయము.

అన్నము చేరగానే ఆమ్లమూరవలెనని జీర్ణాశయమునకు చెప్పున దెవరు? ఆ భాగమే ఒక పదార్థమును రక్తములోనికి విడుచుచున్నదని 1905లో ఇంగ్లండున ఎడ్కిన్సు చెప్పి, దానికి గ్యాస్ట్రిన్ అని పేరిడెను. పెక్కేండ్లు విద్వాంసులు నమ్మరైరి. 1964లో లివర్‌పూల్ నగరమున గ్రెగరీ, ట్రేసీ యనువారు పందుల జీర్ణాశయములనుండి దానిని శుద్ధరూపమున వేఱుచేసిరి. అప్పటికి ఎడ్కిన్సు జీవించి లేడు.

ఈ దూత నడక విచిత్రము. పుట్టినది జీర్ణాశయపు దిగువభాగమున; పని పైభాగమున. అయినను నేరుగా పోక, రక్తముతో గుండెకు పోయి, దేహమంతయు తిరిగి, మరల పుట్టినింటికే వచ్చును. వచ్చియు తాను ఆమ్లమును చేయదు. ప్రధానముగా హిస్టమిన్ అను పదార్థమును విడుదల చేయించి, దానిచే ఆమ్లకణములను పురికొల్పించును. వ్యాకరణము చెప్పి బ్రదికినవాడను గనుక నాకిది ప్రేరణార్థక క్రియవలె తోచును. ఆమ్లము చాలినంత ఊరగానే సొమటోస్టాటిన్ అను వేఱొక హార్మోను గ్యాస్ట్రిన్‌ను అడ్డగించును. ఇది ఎద్దునకు పగ్గము వంటిది.

ఆ పగ్గమును సడలించు దొంగను 1982లో ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున వారెన్, మార్షల్ అను వైద్యులు పట్టిరి. అది హెలికోబాక్టర్ అను మెలికల సూక్ష్మజీవి. 2005లో వారికి నోబెల్ బహుమానము లభించెను. జీర్ణాశయపు దిగువభాగమున ఈ జీవి కాపురమున్నచో సొమటోస్టాటిన్ తగ్గును, గ్యాస్ట్రిన్ పెరుగును. ఆమ్లము మితిమీరి ప్రేగును కొఱుకును. అందఱికిని ఇట్లగునని కాదు. అది యున్నవారిలో పెక్కుమందికి వ్రణమే పుట్టదు.

మా యూర నొక వృద్ధుడు పచ్చడి మాని, సోడాయుప్పు నీళ్లతో 12 ఏండ్లు గడపెను. పరీక్షలో సూక్ష్మజీవి తేలినపిదప, దానిని చంపు మందులును ఆమ్లమును తగ్గించు మందును 14 దినములు సేవించి నెమ్మదించెను.

మఱియొక మాట. కీళ్లనొప్పులకై మనవంటి ముసలివారు మ్రింగు మాత్రలలో కొన్ని, ఈ సూక్ష్మజీవి లేకున్నను, జీర్ణాశయపు పొరను బలహీనపఱచి వ్రణము కలిగించును. వానిని వైద్యు నడుగక వాడరాదు. మలము తారువలె నల్లబడి జిగటగా నున్నచో లోపల రక్తము కారుచుండవచ్చును. నొప్పి లేకున్నను ఆ దినమే ఆసుపత్రికి పోవలయును.