గోడమీది తాటిచెట్టు

ఆలేరు రైల్వే స్టేషనులో దిగి కొలనుపాక వైపు వెళ్లేవారికి తాటిచెట్లు, ఈతచెట్లు కనిపిస్తాయి. ఎప్పుడూ చూసే చెట్లు గనుక వాటిని మనం అంతగా పరిశీలించము. కాని ఇదే తాటిచెట్టు రంగుల బొమ్మగా అచ్చయి, పటం కట్టబడి, ఎక్కడెక్కడి ఇండ్ల గోడలనో అలంకరిస్తున్నది. పాత వృక్షశాస్త్ర గ్రంథాలలోని తాళజాతి బొమ్మలను పటాలుగా పెట్టుకోవడం నేడు పలుదేశాలలో ఉన్న అభిరుచి. ఇంతకూ ఆ బొమ్మలను అలంకారం కోసమే గీశారా?

కాదు. చెట్టును ఎన్నడూ చూడనివాడు కూడా దానిని గుర్తుపట్టేటట్లు చేయడమే వాటి పని. గులాబికొమ్మను ఉన్న పరిమాణంలోనే కాగితం మీద గీయవచ్చు. 100 అడుగుల దాక పెరుగగల తాటిని ఎట్లా గీయాలి? ఆకు ఒక్కటే మూడు నాలుగు అడుగుల వెడల్పు. అందుచేత చిత్రకారుడు ఒకే పలక మీద రెండు కొలతలు వాడుతాడు. చెట్టు మొత్తాన్ని చిన్నదిగా, పూవును, కాయను పెద్దవిగా చూపుతాడు. ఒక్కొక్కప్పుడు కాయను కోసి లోపలి గింజలను కూడా చూపుతాడు.

తాటి విషయంలో మరొక చిక్కు ఉన్నది. మగపూలు ఒక చెట్టుకు, ఆడపూలు వేరొక చెట్టుకు పూస్తాయి. పూత వచ్చేవరకు, అంటే సుమారు 12–15 ఏండ్ల దాక, ఏది ఏదో కంటితో చూసి చెప్పలేము. కల్లుగీసేవారు వీటిని పోతుతాడు, పండుతాడు అని వేరుచేసి పిలుస్తారు. 1678లో వెలువడిన ‘హోర్తుస్ మలబారికుస్’ మొదటి సంపుటంలో వాన్ రీడ్ కూడా ఈ రెంటిని మలయాళపు పేర్లతో వేరువేరుగానే చూపించాడు. 1753లో లిన్నేయస్ పెట్టిన ‘బొరాసస్ ఫ్లాబెల్లిఫర్’ అనే పేరు క్రింద రెండూ ఒకే జాతిగా చేరాయి.

ఇటువంటి బొమ్మలు మన తెలుగునేలమీద కూడా పుట్టాయి. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1781 నుండి సామర్లకోటలో ఉండి, దేశీయ చిత్రకారులచేత మొక్కల బొమ్మలు గీయించాడు. 1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లాడు. ఆ బొమ్మలలో కొన్నింటిని లండనులో రాగిరేకుల మీద చెక్కి, అచ్చువేసి, చేతితో రంగులద్దారు. ‘కోరమండల్ తీరపు మొక్కలు’ అనే ఆ గ్రంథం మూడు సంపుటాలు, 300 పలకలు. మొదటి సంపుటం 1795లో వెలువడసాగింది. అందులో పోతుతాటికి ఒక పలక, పండుతాటికి ఒక పలక ఉన్నాయి. ముఖపత్రం మీద రాక్స్‌బర్గ్ పేరున్నది. బొమ్మలు గీసినవారి పేర్లు లేవు.

ఈ పలకలను నేడు అంతర్జాలంలో ఉచితంగా చూడవచ్చు. పటం కట్టించుకునేవారు ఒక సంగతి మరువరాదు. అందానికి అడ్డమని పూవును, కాయను కత్తిరించివేస్తే మిగిలేది చెట్టు నీడ మాత్రమే. ఏ చెట్టో చెప్పే సాక్ష్యం పోతుంది.

ఉపాధ్యాయులు ఇటువంటి పలకను ఒకదానిని తరగతి గోడకు తగిలించి, ముంజలు వచ్చే కాలంలో విద్యార్థులను తాటిచెట్ల దగ్గరకు తీసుకొనిపోవచ్చు. రాలిన మగపూల కంకిని, కోసిన కాయను ముందుంచుకొని, బొమ్మతో పోల్చి, తామే గీయాలి. కాయలో గింజలు ఎన్ని? సాధారణంగా మూడు. బొమ్మలో ఎన్ని ఉన్నాయో చూడాలి. చివరకు బొమ్మ క్రింద చెట్టున్న ఊరు, తేదీ, వాటితోపాటు గీసినవారి పేరు తప్పక వ్రాయాలి.