కదిలే దారి - ఎగిరే విమానం

పొడుపు కథను విప్పే వేడుక తెలుగువారికి కొత్త కాదు. విన్న వెంటనే సమాధానం తెలిసినట్లు అనిపించడం, ఆలోచించేకొద్దీ ఆ సమాధానం చేజారిపోవడం మంచి పొడుపు కథకు లక్షణం. భౌతికశాస్త్రంలోనూ అటువంటి చిక్కుప్రశ్నలు ఉన్నాయి. వాటిలో ఒకటి ఇరవై ఒకటవ శతాబ్దపు తొలి దశకంలో విద్యార్థులను, ఇంజనీర్లను, చివరకు విమానాలు నడిపేవారిని సైతం రెండు పక్షాలుగా చీల్చింది.

ఆ ప్రశ్న ఇది. ఒక విమానం మామూలు రన్‌వేపై కాక, రన్‌వే అంత పొడవు, వెడల్పు గల ఒక కన్వేయర్ పట్టీపై నిలిచి ఉన్నది. విమానం ఎంత వేగంతో ముందుకు కదిలితే, పట్టీ అంతే వేగంతో వెనుకకు కదులుతుంది. గాలి స్తబ్ధంగా ఉన్నది. అప్పుడు ఆ విమానం పైకి లేవగలదా?

మన శాస్త్రకారులు ఏ విషయాన్ని చర్చించినా ముందుగా పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివారి వాదాన్ని, దాని పూర్తి బలంతో వినిపించేవారు. తరువాతనే సిద్ధాంతాన్ని స్థాపించేవారు. ఈ ప్రశ్నకు కూడా అదే పద్ధతి తగినది.

“లేవదు” అన్నది పూర్వపక్షం. దీనిని తేలికగా కొట్టివేయరాదు. వ్యాయామశాలలో ట్రెడ్‌మిల్‌పై పరుగెత్తే మనిషి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో అడుగులు వేస్తాడు. పట్టీ అంతే వేగంతో వెనుకకు పోతుంది. అరగంట గడిచినా అతడు బయలుదేరిన చోటనే ఉంటాడు; పరుగు వలన అతని ముఖానికి గాలి తగలదు. విమానం పైకి లేవాలంటే దాని రెక్కల మీదుగా గాలి వేగంగా ప్రవహించాలి. ఉన్నచోటనే ఉండిపోయిన విమానపు రెక్కల మీదుగా గాలి ప్రవహించదు. కనుక విమానం లేవదు.

ఈ వాదంలో ఒక్క మెట్టు తప్ప అన్నీ సరైనవే. విమానం ఉన్నచోటనే ఉండిపోతుందన్న మాటను ఎవరూ నిరూపించలేదు. ట్రెడ్‌మిల్‌పై మనిషిని చూసిన కన్ను, విమానాన్ని కూడా అలాగే ఊహించింది. పోలిక సరియైనదా కాదా అని అడగకపోవడమే ఇక్కడ జరిగిన పొరపాటు.

సిద్ధాంతం ఒక చిన్న ప్రశ్నతో మొదలవుతుంది. ముందుకు పోయే వస్తువు దేనిని వెనుకకు నెడుతున్నది? ప్రతి చర్యకూ సమానమైన ప్రతిచర్య వ్యతిరేక దిశలో ఉంటుందన్నది న్యూటన్ 1687లో ప్రకటించిన మూడవ గమన నియమం. నడిచే మనిషి పాదంతో నేలను వెనుకకు నెడతాడు. నేల అతనిని ముందుకు నెడుతుంది. కారు ఇంజను చక్రాలను తిప్పుతుంది. ఆ చక్రాలు నేలను వెనుకకు నెడతాయి. అందుచేత మనిషికీ, కారుకీ నేలయే ఆధారం. ఆ నేల వెనుకకు జారితే వారి ప్రయాణం నిష్ఫలమవుతుంది.

విమానం అలా కాదు. దాని ఇంజను చక్రాలను తిప్పదు. ప్రొపెల్లరైనా, జెట్ ఇంజనైనా చేసే పని ఒక్కటే: గాలిని బలంగా వెనుకకు నెట్టడం. ఆ గాలి ప్రతిచర్యగా విమానాన్ని ముందుకు నెడుతుంది. చక్రాలు విమానపు బరువును మోస్తూ దొర్లుతాయే గాని, దానిని నడపవు. పట్టీ వెనుకకు కదిలినప్పుడు అది తాకేది చక్రాలను మాత్రమే. ఇంజను ఆధారపడిన గాలిని అది తాకదు. కనుక విమానం ముందుకు సాగుతూనే ఉంటుంది. చక్రాలు మాత్రం రెట్టింపు వేగంతో తిరుగుతాయి.

దీనిని ఇంటివద్దనే పరీక్షించవచ్చు. నునుపైన బల్లపై ఒక దుప్పటి పరచి, కీ ఇచ్చే బొమ్మ కారును దానిపై వదలాలి. కారు ముందుకు పోతుండగా దుప్పటిని అదే వేగంతో వెనుకకు లాగితే కారు ఉన్నచోటనే తిరుగుతుంది. తరువాత కీ లేని, చక్రాలు తేలికగా తిరిగే మరొక బొమ్మ కారుకు ముందువైపు దారం కట్టి, ఆ దారపు కొసను చేతితో పట్టుకోవాలి. ఇప్పుడు దుప్పటిని ఎంత వేగంగా వెనుకకు లాగినా చక్రాలు గిరగిర తిరుగుతాయే గాని, బొమ్మ వెనుకకు పోదు. దారాన్ని కొద్దిగా లాగితే చాలు, బొమ్మ ముందుకు వస్తుంది. మొదటి బొమ్మకు బలం దుప్పటి నుంచి వస్తున్నది. రెండవ బొమ్మకు దుప్పటితో సంబంధం లేని చేతి నుంచి వస్తున్నది. విమానం రెండవ బొమ్మ వంటిది. దారాన్ని పట్టిన చేయి గాలియే.

చక్రాల వద్ద ఘర్షణ అసలే లేదా అన్న సందేహం సహజం. ఉన్నది, కాని అది స్వల్పం. ఎయిర్‌బస్ ఎ-320 వంటి ప్రయాణ విమానం నిండు బరువుతో సుమారు 78 టన్నులు తూగుతుంది. దొర్లుడు ఘర్షణను బరువులో రెండు శాతంగా లెక్కిస్తే, వెనుకకు లాగే బలం రమారమి 16 వేల న్యూటన్లు. రెండు ఇంజన్లు కలిసి ముందుకు నెట్టే బలం రమారమి 2 లక్షల 40 వేల న్యూటన్లు. అంటే ఘర్షణ ఇంజన్ల బలంలో పదిహేనవ వంతు మాత్రమే. చక్రాలు రెట్టింపు వేగంతో తిరిగినా ఘర్షణ అదే నిష్పత్తిలో పెరగదు.

అయితే ఒక చిక్కు లేకపోలేదు. ఇటువంటి విమానం గంటకు సుమారు 260 కిలోమీటర్ల వేగం వద్ద నేలను విడుస్తుంది. పట్టీపై దాని చక్రాలు 520 కిలోమీటర్ల వేగానికి తగినట్లు తిరగాలి. ప్రయాణ విమానాల టైర్లు సాధారణంగా 360 కిలోమీటర్ల వేగాన్ని దృష్టిలో ఉంచుకొని తయారవుతాయి. కనుక టైర్లు పగిలే ప్రమాదం ఉన్నది. అది టైరుకు గల పరిమితియే గాని, విమానం ఎగరదనడానికి హేతువు కాదు.

ప్రశ్నను అడిగే తీరులో కూడా ఒక మెలిక దాగి ఉన్నది. “విమానపు వేగానికి సమానంగా పట్టీ కదులుతుంది” అన్నప్పుడు పైన చెప్పిన సమాధానమే వర్తిస్తుంది. కొందరు “చక్రాలు తిరిగే వేగానికి సమానంగా పట్టీ కదులుతుంది” అని అడుగుతారు. చక్రం తిరిగే వేగం విమానపు వేగాన్నీ, పట్టీ వేగాన్నీ కలిపిన మొత్తం. అది పట్టీ వేగం ఒక్కదానితోనే సమానం కావాలంటే విమానపు వేగం సున్న కావాలి. అంటే విమానం కదలదన్న ఫలితాన్ని ముందే షరతులో చేర్చి, తరువాత విమానం కదులుతుందా అని అడిగినట్లయింది. నిరూపించవలసిన దానినే హేతువుగా చూపడాన్ని మన తార్కికులు దోషంగా పరిగణించారు. ఎడతెగని వాదాలు అనేకం సమాధానంలోని తేడా వలన కాక, ప్రశ్నలోని తేడా వలన పుడతాయి.

వాదం ఎంత చక్కనిదైనా విజ్ఞానశాస్త్రంలో తుది తీర్పు ప్రయోగానిదే. “మిత్‌బస్టర్స్” అనే అమెరికా టెలివిజన్ కార్యక్రమంలో ఆడమ్ సావేజ్, జేమీ హైన్‌మన్ ఈ ప్రశ్నను పరీక్షించారు. అది 2008 జనవరి 30న ప్రసారమైంది. ముందుగా నమూనా విమానంతో ప్రయత్నించి, తరువాత మనిషి నడిపే ఒక తేలికపాటి విమానాన్ని పొడవైన టార్పాలిన్‌పై నిలిపారు. ఒక ట్రక్కు ఆ టార్పాలిన్‌ను వెనుకకు లాగుతుండగా విమానం ముందుకు సాగి, నేలను విడిచి లేచింది. ఎగరదని భావించినవారిలో ఆ విమానాన్ని నడిపిన వ్యక్తి కూడా ఉండడం విశేషం. నిత్యం విమానం నడిపే చేతికి తెలిసిన సత్యం మనసుకు తట్టలేదు.

విమానానికి నేల వేగంతో కాక గాలి వేగంతోనే పని అన్న సత్యాన్ని విమాన చరిత్రలోని తొలి దినమే చాటింది. 1903 డిసెంబరు 17న అమెరికాలోని కిట్టీ హాక్ సమీపంలో రైట్ సోదరుల విమానం మొదటిసారి లేచినప్పుడు 12 సెకన్లలో 120 అడుగులు మాత్రమే ప్రయాణించింది. అంటే నేలతో పోలిస్తే దాని వేగం గంటకు 11 కిలోమీటర్లు; పక్కన మనిషి పరుగెత్తి అందుకోగల వేగం. అయినా అది ఎగిరింది. గంటకు 30 కిలోమీటర్లకు మించిన ఎదురుగాలి దాని రెక్కలకు కావలసిన వేగాన్ని సమకూర్చింది. ఆ రోజు నాలుగవ ప్రయాణం ముగిశాక, నేలపై నిలిచి ఉన్న ఆ విమానాన్ని ఒక గాలివిసురు తలక్రిందులు చేసి విరగగొట్టింది. ఎగరడానికి తోడ్పడిన గాలియే దానిని కూల్చింది.

చక్రాలు ఎగరడానికి మూలం కావనడానికి తెలుగునేలపై కూడా ఒక ఉదాహరణ ఉన్నది. 2024 నవంబరు 9న విజయవాడ వద్ద కృష్ణా జలాలపై నుంచి లేచిన సీ ప్లేన్ శ్రీశైలం జలాశయంలో దిగింది. నీటిపై చక్రం దొర్లదు. పడవ వంటి తేలుడు దిమ్మలపై జారుతూనే ఆ విమానం గాలిని వెనుకకు నెట్టి పైకి లేచింది.

ఇది కేవలం కాలక్షేపపు ప్రశ్న కాదు. విమానంలోని వేగసూచి గాలితో పోల్చిన వేగాన్ని చూపుతుంది. ఆ వేగం తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవు. 2009 జూన్ 1న రియో డి జనీరో నుంచి పారిస్‌కు పోతున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో గాలి వేగాన్ని కొలిచే పిటో గొట్టాలలో మంచు చేరింది. వేగం కొలతలు తప్పాయి. ఆ తికమకలో విమానం అదుపు తప్పి అట్లాంటిక్ సముద్రంలో కూలగా 228 మంది మరణించారు. ఏ వేగం, దేనితో పోల్చిన వేగం అన్నది ప్రాణాలతో ముడిపడిన విషయం.

వేగానికి పోలిక అవసరమన్న భావన మనకు ప్రాచీనమైనది. పడవలో ముందుకు సాగేవానికి ఒడ్డున ఉన్న కదలని వస్తువులు వెనుకకు పోతున్నట్లు తోచే ఉదాహరణతో, నక్షత్రాలు కదులుతున్నట్లు కనబడడాన్ని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో వివరించాడు. కంటికి తోచిన కదలికను ఉన్నది ఉన్నట్లు నమ్మక, దానిని దేనితో పోల్చి చూస్తున్నామని ఆయన ప్రశ్నించాడు.

పట్టీపై విమానం నేర్పే పాఠం కూడా అదే. పట్టీ ఎంత వేగంగా కదిలినా విమానానికి ఆధారం అది కాదు. ఏ వాదంలోనైనా “ఇది దేనిని ఆధారం చేసుకొని కదులుతున్నది?” అని ముందుగా అడిగినవారు తమకు తెలిసిన పోలికకు లోబడిపోరు. సమాధానం చెప్పడానికి తొందరపడక ప్రశ్నను నిలకడగా చదివినవారికి, నేల వెనుకకు జారినా విమానం పైకి లేవడం స్పష్టంగా కనిపిస్తుంది.